ఐదు ఫీట్ల మీద బెత్తెడు

రత్నం లీవు మీద వచ్చిన మూడోనాడు పొద్దుగాల్నే మామ పని కొట్టంలకు వచ్చి, జేబుల నుంచి నాలుగు మడతల కాయితం తీసి బల్ల మీద పరిచిండు.

"మామా, గిసొంటి చెక్క ఒకటి చేసియ్యాలె. నేను మళ్ళ బండెక్కే లోపట."

ప్రభుదాసు నొసటి మీది కండ్లద్దాలు కిందికి దించుకున్నడు. మట్టెవాడల ఆయనది ముప్పై ఏండ్ల వడ్రంగం. తలుపులు, దర్వాజలు, మంచాలు, చర్చికి బెంచీలు. క్రైస్తవుల ఇండ్లల్ల ఎవరన్న పోతే పెట్టె కూడ ఆయననే చెయ్యాలె. మాట తక్కువ మనిషి. గిరాకి అరగంట మొత్తుకుంటే ఈయన "శుక్రారం రా" అని ఊకునేటోడు. రత్నం ఆయన అక్క కొడుకు, బిడ్డ హన్నాను చేసుకున్న అల్లుడు. ఆరేండ్ల సంది మిల్ట్రీల ఉన్నడు, అందుల రెండేండ్ల సంది కశ్మీరుల.

కాయితం మీద ఉన్నది తలుపు కాదు, పీట కాదు. పొడుగాటి పలక, రెండు కొసలు గుండ్రం. ముందు కొస బాగ పైకి లేచింది, వెనక కొస కొంచెమే లేచింది. నడుమ రెండు పాదాల గుర్తులు, అడ్డంగ.

"ఏందిది?"

"మంచు మీద జారేది. రెండు కాళ్ళు దీనికే కట్టుకొని, పక్కకు తిరిగి నిలబడి జారాలె."

ప్రభుదాసు మంచును క్రిస్మస్ కార్డుల మీద చూసిండు, అంతే. రత్నమే చెప్పుకుంట పోయిండు. పోయిన చలికాలం ఒక జర్మనాయన గిసొంటి చెక్కలు రెండు పట్టుకొని వచ్చిండట. ఒకటి పొడుగు, ఒకటి కురచ. సిపాయిలకు మంచు మీద నడుచుడు నేర్పే బడి ఉంటదక్కడ, ఆ బడి కప్తానుకు ఇవి మస్తు నచ్చినయట. ఈ ఏడు వీటిని నేర్పేటోళ్ళను కొందరిని ఏరుకుంటరట. ఫిబ్రవరిల టెస్టు.

"మంచు రెండు తీర్లుంటది మామా. ఒకటి తొక్కి తొక్కి గట్టిగ చేసింది. దాని మీద దిబ్బలు కడ్తరు. ఎగరాలె, గాలిల తిరగాలె, ముందటిది ఎనకకు చేసుకొని దిగాలె. దానికి కురచది కావాలె, చెప్పినట్టు తిరుగుతది. ఇంకోటి అప్పుడే పడ్డ మంచు. పిండి లెక్క నడుముల దాక ఉంటది. అందుల పొడుగుది అయితేనే తేలుతది. కురచదాని ముక్కు మునుగుతది, మనిషి బోర్ల పడ్తడు."

"రెండు చేస్త."

"అదే గదా తిప్పలు. మనిషికి ఒక్కటే చెక్క. పొద్దుగాల దాని మీద ముద్ర కొడ్తరు, పొద్దుమీకే దాక రెండు తీర్ల మంచుల అదే. అందుకని రెండిటికి పనికొచ్చేది, నడుమది ఒకటి కావాలె. జర్మనాయన నన్ను కొలిచి, తూకం అడిగి చెప్పిండు. నా మనిషికి ఐదు ఫీట్లు. నిలబెడితే నా గదువ కాడికి రావాలె."

"అక్కడ వడ్లోళ్ళు లేరా?"

"ఉన్నరు. అక్రోటు కట్టెతోని ఒకటి చేసిచ్చిండ్రు. మొదటి ఎగురుడుకే రెండు తునకలైంది." రత్నం నవ్విండు. నవ్వు తొందరగనే పోయింది. "నువ్వైతే చేస్తవని కప్తానుకు చెప్పి వచ్చిన."

హన్నా గడప కాడ నిలబడి వింటాంది. అసలు సంగతి తండ్రికి ఆమెనే చెప్పింది, రత్నం చాయ తాగెటందుకు లోపలికి పోయినంక.

"నాయినా, టెస్టుల అయితే రెండేండ్లు ఆ బడిలనే ఉంచుతరట. క్వార్టర్ ఇస్తరు, నేను కూడ పోవచ్చు. కాకపోతే మార్చిల పైన మంచుగడ్డ మీది కాపలా పోస్టుకు పంపుతరు. పోయిన ఏడు ఈయన జట్టు నుంచి ఆరుగురు పోయిండ్రు. నలుగురే దిగిండ్రు. అందుల ఒకనికి కాలివేళ్ళు తీసేసిండ్రు." ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "నీకు చెప్పొద్దన్నడు. చెప్తాన."

ప్రభుదాసు కాయితం మళ్ళ చూసిండు. ఐదు ఫీట్లు అని రాసున్న కాడ ఆయన వేలు ఆగింది.

ఆయనకు పని నేర్పిన మేస్త్రి ఒక కట్టుబాటు చెప్పిండు. పెట్టె మూత కొలతల బతికిన మనిషికి సామాను చెయ్యొద్దు. పెద్దోళ్ళకు ఆరు ఫీట్లు, ఎదిగే పిల్లలకు ఐదు, చంటోళ్ళకు మూడు. మంచమైనా, బెంచీ అయినా ఆ కొలతకు వస్తే ఒక బెత్తెడు పెంచి కొయ్యాలె, నాలుగు వేళ్ళ మందం. గిరాకి అడిగితే చెక్క అంతే ఉన్నదనాలె. మట్టెవాడ చర్చిల బెంచీలన్ని ఆరు ఫీట్ల మీద బెత్తెడుంటయి. పాస్టరుగారికే తెల్వది. ప్రభుదాసు మొదట్ల ఈ కట్టుబాటును నవ్వుకుంటనే పాటించిండు. డెబ్బై మూడుల పెద్దకొడుకు, పన్నెండేండ్లోడు, జ్వరమొచ్చి దవాఖానల మూడు దినాలల్ల పోయిండు. ఐదు ఫీట్ల మూత ప్రభుదాసే కోసిండు. అప్పటి సంది ఆయన నవ్వలే. ఐదు ఫీట్ల చెక్క బతికినోళ్ళ కోసం ఇంకొకటి కొయ్యలే.

"మంచిది" అన్నడు. అంతే అన్నడు.

మనసు మాత్రం ఆ దినం నుంచే నిలుస్తలేదు. మొదలు టేకు అనుకున్నడు. టేకు పలక రెండు కొసలు ఇటుకల మీద పెట్టి నడుమ ఎక్కి నిలబడితే అది వంగలే, కిర్రుమన్నది. అల్లుడు ఎగిరి దీని మీదనే దిగుతడు గదా అనుకొని పక్కకు పడేసిండు. మామిడి మెత్తన. మద్ది బరువు. రెండు దినాలు ఉలి పట్టలే, రందా పట్టలే, అన్నం సరిగ తినలే. పెండ్లాం రాహేలు కంచం ముందల పెట్టి, "చర్చి పనా, శవం పనా, గింత ఆలోచన దేనికయ్యా?" అన్నది. ఆయన లేచి బజారుకు పోయిండు. చౌరస్తాల కల్లు కావడి మోసుకపోయేటాయన ఎదురైండు. రెండు దిక్కుల నిండు కుండలు. వెదురు కావడి అడుగడుగుకు వంగుతాంది, లేస్తాంది, విరుగుతలేదు. ప్రభుదాసు ఆయన ఎన్కనే ఫర్లాంగు దూరం నడిచిండు.

"ఏందన్నా, కల్లు కావాల్నా?" అని ఆయన తిరిగి చూస్తే, "కాదు" అని, అక్కడికెల్లి సీద మేదరి సమ్మమ్మ కాడికి పోయిండు.

సమ్మమ్మ గంపలల్లుకుంట కాయితం చూసింది. "దాసన్నా, వెదురుకు మొదలు కాడ మొండితనం ఉంటది, కొస కాడ లొంగుతది. బద్దలు ఒక్క తీరుగ పేరుస్తె ఒక పక్క బిర్రు, ఒక పక్క వదులు అయితది. ఏ పక్క లొంగాలె నీకు?"

ప్రభుదాసు కాయితం మీద ముందు కొస చూపిచ్చిండు.

"ఇంక గంతే. కొసలన్ని ముందుకు రానియ్యి. వంపు నేను సెగ మీద పట్టిస్త. ఇంతకు ఎవలకు?"

"అల్లునికి."

"అల్లునికి ఊయల చేస్తానవా?" అని నవ్వింది.

వారం దినాలు అదే పని. నడుమ వెదురు బద్దలు, కింద మీద పలుచటి ప్లైవుడ్. సరేసు జిగురు నీళ్ళకు ఊడుతది, అందుకని రెండు ట్యూబులు కలిపే జిగురు పెట్టిండు. అడుగుకు హోటల్ బల్లలకు వేసే నున్నటి సన్మైకా. అంచులకు పత్తి బేళ్ళకు చుట్టే ఇనుప పట్టీ, మంచును కోసి పట్టెటందుకు. జిగురు పట్టేదాక మూడు దినాలు బిగింపు పెట్టి, పైన రెండు బండలు ఎత్తిండు. కోసిన దినం కొట్టంల ఎవలు లేరు. ఐదు ఫీట్ల కాడ పెన్సిలుతోని గీత పెట్టిండు. రంపం దాని మీద పెట్టిండు, తీసిండు. బెత్తెడు అవతల ఇంకో గీత పెట్టి అక్కడ కోసిండు.

రత్నం వచ్చి చెక్కను నిలబెట్టి పక్కన నిలబడ్డడు. అది గదువ దాటి కింది పెదవి కాడికొచ్చింది.

"గదువ దాటింది గదా మామా?"

"బూట్లు తొడుగుతె సరిపోతది" అన్నడు ప్రభుదాసు.

రత్నం సరే అన్నడు. మామ కొలత తప్పుతదని ఆయనకు ఏనాడు అనిపించలే.

మంచు లేని ఊర్ల పరీక్ష ఎట్ల? దానికి కిషన్ రావు రైస్ మిల్లు దొరికింది. మిల్లు తలుపులు ప్రభుదాసు చేసినవే. మిల్లు ఎన్క ఊక గుట్ట రెండు మేడల ఎత్తున్నది, అడుగు పెడితే తొడల దాక దిగుతది. మిల్లు ముందల గోదాము నుంచి లారీలకు బస్తాలు జార్చే పలకల ఏటవాలు ఉన్నది, పది ఫీట్ల వెడల్పు. ఏండ్ల సంది బస్తాలు జారి జారి అద్దం లెక్క అయింది. మీద తవుడు చల్లితే కాలు నిలువది.

"ఊక మెత్తటి మంచు, పలకలు గట్టి మంచు" అన్నడు రత్నం. సంబరమైంది ఆయనకు.

హమాలీల మేస్త్రి రాజమల్లు చెక్కను చూసి తలకాయకు చుట్టిన తువ్వాల తీసిండు. "అయ్యో ప్రభుదాసన్నా, ఎవ్వలు పోయిండ్రు? మూత కురచగున్నదేంది?"

హమాలీలంత నవ్విండ్రు. రత్నం కూడ నవ్విండు. ప్రభుదాసు మొఖం తిప్పుకొని ఊక గుట్ట దిక్కు నడిచిండు. చెవులల్ల ఆ మాట సాయంత్రం దాక ఉన్నది.

రత్నం మూతికి గుడ్డ కట్టుకొని, నిచ్చెన మీదికెల్లి గుట్ట నెత్తి మీదికెక్కిండు. బూట్లకు తోలు పట్టీలు బిగించుకున్నడు. ఒక్కసారి ముందుకు వంగిండు, అంతే, చెక్క కదిలింది. ఊక రెండు పక్కల లేచింది. ముందు కొస పైననే తేలింది, పడవ లెక్క, ఒక్క చిటికెడు కూడ దిగలే. అల్లుడు ఈ పక్కకు వాలి ఆ పక్కకు వాలి కిందికి వచ్చి, హమాలీల నడుమ ఆగి, "మామా!" అని ఒర్రిండు. "జర్మనాయనది కూడ గిట్ల లేవది మామా!"

రాజమల్లు నోరు తెరిచి, "ఇంకోపారి రా మిల్ట్రీ అల్లుడా, నేను కండ్లు మూసుకున్న" అన్నడు.

ఏడు మాట్ల దిగిండు. ఒళ్ళంత దురద, కండ్లు ఎర్రగ. ఇంటికి పోయినంక సైకిల్ దిగకముందే హన్నాకు కథంత చెప్పిండు. ప్రభుదాసుకు ఆ దినం అన్నం సయించింది.

తెల్లారి పలకల మీద మొదలైంది బాధ.

ముందుకు జారుడు బాగనే ఉండె. నడుమ ఒక ఊక బస్తా అడ్డం వేసి, దాని మీదికెల్లి ఎగిరి, గాలిల తిరిగి, ఎన్క కొసను ముందు చేసుకొని దిగాలె. రత్నం ఎగిరిండు. చెక్క సగమే తిరిగింది. అడ్డం పడి పక్కటెముకలకు పలక అంచు తగిలింది. లేచిండు. మళ్ళ ఎగిరిండు. మళ్ళ సగమే. పొద్దంత అదే. ఒక్కొక్కపారి తిరిగినట్టే తిరిగి, వెనక కొస పలకకు గీరుకొని విసిరి కొట్టేది.

"ఒక్క ఎనిమిది నెలలల్ల మరిచిన్నా మామా?" అన్నడు మోకాలు ఒత్తుకుంట. "అక్కడ జర్మనాయన కురచదాని మీద పదికి తొమ్మిది మాట్ల తిరిగిన."

ప్రభుదాసు కండ్లు చెక్క వెనక కొస మీదనే ఉన్నయి. చెక్క బెత్తెడు ఎక్కువున్నదని ఆయనకొక్కనికే తెలుసు.

రెండోనాడు అంతే. మూడోనాడు రత్నం పలకల మీదికి ఎక్కేముందు బీడీ ముట్టించిండు. ఎన్నడు తాగనోడు. నాలుగోనాడు మిల్లుకే పోలే. మంచంల పండుకొని పైకప్పు చూసుకుంట ఉన్నడు.

"నాకే చేతనైతలేదు" అని హన్నాతోని అంటాంటే కొట్టంల ప్రభుదాసుకు వినపడ్డది. "చెక్క మంచిగనే ఉన్నది. మామ చేసింది ఎట్ల తప్పుతది? నా కాళ్ళల్లనే బలం పోయింది. కాళ్ళు భయపడ్తానయి. గిట్లాంటోన్ని బడిల ఎట్ల పెట్టుకుంటరు?"

హన్నా ఏదో అన్నది. ఏడుస్తాందో ముక్కు చీదుతాందో.

ప్రభుదాసు ఉలి పెట్టిండు, పట్టిండు. బయటికి పోయిండు. బొడ్రాయి దాక పోయి తిరిగొచ్చిండు. మళ్ళ పోయిండు. బెత్తెడు కోస్తే ఐదు ఫీట్లు. ఐదు ఫీట్ల చెక్క మీద బిడ్డ పెనిమిటిని నిలబెట్టి పంపాలె. కొయ్యకుంటే వాడు టెస్టు పోగొట్టుకొని మంచుగడ్డ మీదికి పోతడు. ఎటు చూసినా అటే పోతాంది ఆలోచన. చర్చి కాడ ఆగిండు. లోపలికి పోలే. కిటికీల నుంచి తను చేసిన బెంచీలు కనపడ్డయి, వరుసగ, అన్ని బెత్తెడు ఎక్కువ. వాటి మీద కూసున్నోళ్ళు ఎంతమంది పోయిండ్రో ఆయనకు తెలుసు. పెట్టెలు కూడ ఆయననే చేసిండు గదా.

ఇంటికి వచ్చి రత్నం మంచం కాడ నిలబడ్డడు.

"తప్పు నీది కాదు."

రత్నం లేచి కూసున్నడు.

"బెత్తెడు ఎక్కువ కోసిన" అన్నడు ప్రభుదాసు. "తెలిసే కోసిన." ఇంక ఆగలే. మేస్త్రి కట్టుబాటు చెప్పిండు, మూత సంగతి చెప్పిండు. పెద్దోని పేరు మాత్రం తియ్యలే. ఏండ్లల్ల ఆయన నోటినుంచి గన్ని మాటలు ఒక్కదగ్గర వచ్చింది అప్పుడే.

రత్నం మొఖం ముందు తెల్లబడ్డది, ఎన్క ఎర్రబడ్డది.

"మూడు దినాలు మామా! మూడు దినాలు నేను పడ్తాంటే నిలబడి చూసినవా? గదువ దాటిందని నేనంటె బూట్లని చెప్పినవ్. నేను నా కాళ్ళను తిట్టుకుంటాన, హన్నా ఏడుస్తాంది, నువ్వు..." ఆగిపోయిండు. పెద్దమనిషిని ఇంకేం అనాలెనో తెల్వక లేచి బయట నల్లా కాడ మొఖం కడుక్కున్నడు. చానసేపు కడుక్కున్నడు. వచ్చి, "కోసెయ్యి" అన్నడు. "ముందటి కొస కోసెయ్యి. కాయితం మీద ఎట్లుంటె అట్ల చెయ్యి."

"ముందటిది కొయ్య."

"మళ్ళ ఏంది మామా?"

ప్రభుదాసు చెక్కను బల్ల మీద తిరగేసిండు. "ఊకల నిన్ను తేల్చింది ఈ ముందటి బెత్తెడే. అది పోతే మునుగుతవ్. పలకల మీద నిన్ను కొట్టింది వెనకది. వెనక కోస్త. పట్టీలు జరుప. అప్పుడు నీ ముందల పొడుగుంటది, ఎన్క కురచుంటది."

రత్నం చెక్క దిక్కు చూసిండు, మామ దిక్కు చూసిండు. కోపం ఇంక పోలేదు గని కండ్లల్ల లెక్క నడుస్తాంది. "వెనక లేచిన వంపు సగం పోతది" అన్నడు మెల్లగ. "ఎనకకు జారేటప్పుడు కొస దిగబడొచ్చు."

"సగం ఉంటది."

"సగం సరిపోతదా?"

"నాకు తెల్వది" అన్నడు ప్రభుదాసు. "నేను మంచు చూడలే. జారేది నువ్వు. నువ్వు చెప్పు."

పెద్దాయన గట్ల తనను అడుగుతడని రత్నం అనుకోలే. కొట్టంల అటు ఇటు నడిచిండు. "గట్టి మంచుల పడితే మార్కులు పోతయి, అంతే" అన్నడు ఆఖరికి. "మెత్తటి దాంట్ల ముక్కు మునిగితే మీద మంచు వచ్చి పడ్తది, తవ్వి తియ్యాలె. ముక్కు ఉండనియ్యి. వెనక కొయ్యి."

ప్రభుదాసు గీత పెట్టిండు. ఇనుప పట్టీ కొస ఊడదీసిండు. రంపం పెట్టిండు. చెక్క జారుతాందని అన్నడు. రత్నం పట్టుకున్నడు. మళ్ళ జారుతాందని అన్నడు.

రాహేలు వంటింట్ల నుంచి చెయ్యి తుడుచుకుంట వచ్చింది. ఆ ఇంట్ల కొలతలు ఆమెకు కూడ తెలుసు. బల్ల మీద ఉన్న చెక్కను ఈ కొస నుంచి ఆ గీత దాక కండ్లతోనే కొలిచింది. చీర సదురుకొని, చెక్క మీద కూసున్నది, తన బరువంత పెట్టి.

"కొయ్యి" అన్నది.

ఆయన కోసిండు.

ఇంక పది దినాలే ఉన్నయి. క్రిస్మస్ పండుగ నడుమల వచ్చి పోయింది. ఆ ఇంట్ల దాన్ని ఎవరు సరిగ పట్టించుకోలే. చర్చికి పోయొచ్చి సీద మిల్లుకే. పలకల మీద ఎగిరితే ఇప్పుడు చెక్క తిరుగుతాంది. పదికి ఎనిమిది మాట్ల మొత్తం తిరిగి దిగుతాండు. మిగిలిన రెండు మాట్ల, ఎనకకు జారేటప్పుడు, కొస పలకల సందుల ఇరికి పడ్తాండు. ఊకల మునుపటంత తేలుతలేదు గని మునుగుతలేదు.

రాజమల్లు, "అన్నా, మూత ఇంక చిన్నగైంది" అనబోయి, ప్రభుదాసు మొఖం చూసి, "తవుడు ఇంకో గంప తెమ్మంటవా?" అన్నడు.

ఆ రెండు పడుడులు ప్రభుదాసును వదలలే. వెనక కొసను గీకిండు, నున్నగ చేసిండు, మైనం రుద్దిండు. పలకల సందు మంచుల ఉండదు గదా అని రత్నం అంటడు. ఉండదు గని ఇంకేమన్న ఉంటదేమో అని ఈయన అనుకుంటడు. జనవరి రెండున కాజీపేటల రత్నం బండెక్కిండు. చెక్కను గోనెల చుట్టి పై బెంచీ మీద పెట్టుకున్నడు. మామ కాళ్ళకు మొక్కబోతే ప్రభుదాసు చెయ్యి పట్టి లేపి, "ముందుగాల మెత్తటి దాంట్ల చూసుకో" అన్నడు.

ఆ ఎన్క రెండు నెలలు ఇంట్ల ఎవరికి నిలకడ లేదు. హన్నా చేసిన పని మళ్ళ చేసేది. రాహేలు ప్రార్థనల కూసుంటె మధ్యల లేచి గేటు కాడికి వచ్చేది. ప్రభుదాసు ఒక దర్వాజ చేస్తె చౌకట్టు ఒక పక్క వంకర పోయింది. ముప్పై ఏండ్లల్ల మొదటిసారి. గిరాకి తిట్టిండు. ఈయన మళ్ళ చేసిచ్చిండు. ఫిబ్రవరి నడుమ ఒక పెట్టె పని వచ్చింది. పెద్ద మనిషి, ఆరు ఫీట్లు. కొలకర్ర పట్టుకొని చానసేపు నిలబడ్డడు, బతికినోళ్ళకు పెంచే బెత్తెడును ఆ మూతకే పెంచి కోసిండు. చనిపోయినాయన కొడుకు, "పొడుగు ఎక్కువైంది గదా" అంటె, "చెక్క అంతే ఉన్నది" అన్నడు.

మార్చి మొదటి వారంల ఉత్తరం వచ్చింది. హన్నా వాకిట్లనే చించి, నిలబడే చదివింది.

"అత్తమ్మకు, మామకు నమస్కారం. పదకొండు మందిల నలుగురిని తీసుకున్నరు. నాలుగోది నాది. మెత్తటి మంచుల నేనే ముందు. ఒక్కసారి కూడ ముక్కు మునగలే. గట్టి దాంట్ల ఒకసారి పడ్డ, మార్కులు పోయినయి. అయినా తీసుకున్నరు. ఏప్రిల్ల క్వార్టర్ ఇస్తరు, హన్నాను పంపుండ్రి. కప్తాను చెక్కను తిరగేసి మర్రేసి చూసి, గిసొంటివి ఇంకో నాలుగు కావాలన్నడు..."

రాహేలు "ప్రభువా" అని గడప మీదనే కూసున్నది. హన్నా నవ్వుకుంట, కండ్లు తుడుచుకుంట, పక్కింటి శకుంతలను పిలుస్తాంది.

"పడ్డ అన్నకాడ మళ్ళ సదువు" అన్నడు ప్రభుదాసు.

హన్నా చదివింది.

"ఎట్ల పడ్డడు?"

"రాయలే నాయినా."

"ముందుకు పోయేటప్పుడా, ఎనకకు జారేటప్పుడా?"

"రాయలే అంటాన గదా."

రాహేలు లేచింది. "పాసయిండయ్యా! ఆ పోస్టుకు పోడు, పిల్ల పోతాంది! గంత ఉత్తరంల నీకు పడ్డదొక్కటే వినపడ్డదా?"

ఆయన ఉత్తరం చేతిలకు తీసుకున్నడు. మూడో తరగతి చదువు. అక్షరం అక్షరం కూడబలుక్కొని ఆ ఒక్క వరుసను తనే చదివిండు. అందుల ఇంకేం లేదు.

నాలుగు చెక్కలకు వెదురు తెచ్చి పెట్టిండు గని కొసల కాడికి వచ్చేసరికి ఆగిండు. వెనక వంపు ఎంతుండాలె? సగమా, మొత్తమా? కట్టుకునేది అల్లుడు కాదు, ఎవల పిల్లలో. మొహమెరుగని నలుగురు. రత్నానికి రాపిచ్చి జాబు పంపిండు. జవాబు వచ్చే లోపల హన్నా ప్రయాణం వచ్చింది.

కాజీపేటల ఎండ బాగున్నది. హన్నా కిటికీ కాడ కూసున్నది, ఒళ్ళె పచ్చళ్ళ డబ్బా, కాళ్ళ కాడ ట్రంకు. అదే బోగీల స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఢిల్లీ దాక పోయే ఒక ముసలమ్మ ఆమెకు తోడు దొరికింది. రాహేలు అప్పటికే నాలుగు మాట్ల జాగ్రత్తలు చెప్పింది. ప్రభుదాసు గుంజ లెక్క నిలబడ్డడు. బండి కూత వేసింది. ఆయన కిటికీ ఊచలు పట్టుకున్నడు.

"పోంగనే అడుగు. ముందు మాట అదే అడుగు. ఎనకకు జారేటప్పుడే పడ్డడా, కొస దిగబడ్డదా, లేక ఊరికెనే కాలు తప్పిందా? ఎక్కడ పడ్డడో బొమ్మ గీయమను. కొస మీద గీత పడ్డదేమో నువ్వే చూడు, నీ చేతితోని తడిమి చూడు. చూసి రాయి."

"రాస్త నాయినా, రాస్త. చెయ్యి ఇడువు, బండి కదుల్తాంది."

"ఆ నలుగురి చెక్కలు ఆపి పెట్టిన. నువ్వు రాసినంకనే కోస్త."

"నాయినా, చెయ్యి!"

ఇడిచిండు. రాహేలు చెయ్యి ఊపుకుంట ప్లాట్‌ఫారం చివరిదాక పోయింది. తిరిగి వచ్చేసరికి ఆయన మెట్ల దిక్కు నడుస్తాండు.

"ఇంటికేనా?" అన్నది.

"నువ్వు పో. నేను మిల్లు కాడికి పోయొస్త."

"మిల్లుకా? పిల్ల ఇప్పుడే పాయె. మిల్లుల ఏమున్నదయ్యా?"

"పలకల మీద రత్నం పడుడు రాజమల్లు కూడ చూసిండు గదా. కొస ఎట్ల ఇరికిందో యాదికున్నదేమో అడుగుత" అన్నడు ప్రభుదాసు. ఆటో కోసం కూడ ఆగకుంట ఎండల నడుచుకుంట పోయిండు.